ఏడు నోళ్ళు, ఒక్క పొయ్యి

మా తోటికోడలు పోయి నెల కావస్తోంది. ఆ రోజు పొద్దున్న గుండెల్లో నొప్పి అంటే బావగారూ మా ఆయనా కారులో శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మధ్యాహ్నం మా ఆయన ఫోన్ చేసి, "మీ అప్ప ఇంక నేదే" అన్నాడు. మా వైపు అక్కను అప్ప అంటాం, తోటికోడల్ని నేనూ అలాగే పిలిచేదాన్ని. నేనప్పుడు రాత్రి కూరకని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. ఫోన్ పక్కన పెట్టి, మిగిలిన కాయలన్నిటికీ ఈనెలు తీసి, గిన్నెలో వేసి మూత పెట్టి, అప్పుడు ఏడ్చాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ తెలీదు.

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అంటారు. అన్నానికి వంకలు పెట్టేవాళ్ళు మీ ఇంట్లో ఒకరో ఇద్దరో ఉంటారు. కోటబొమ్మాళిలో మా ఇంట్లో అప్పతో కలిపి ఏడుగురం, ఆవిడ తప్ప ఆరుగురమూ అంతే. మా అత్త వెల్లుల్లి వాసన తగిలితే కంచం తోసేస్తుంది. బావగారికి ఎండు రొయ్యలు పడని కూర కూరే కాదు. ఆయన సొంత తమ్ముడైన మా ఆయనకు రొయ్య మీసం కనిపిస్తే ముద్ద దిగదు. అప్ప కొడుకు ఈ లోకంలో బంగాళాదుంప తప్ప మరో కాయగూర ఉందని ఒప్పుకోడు. నా కూతురికి చిన్నప్పుడు కారం పడేది కాదు. ఇక నా సంగతి అప్పను అడగాల్సింది, అందరికంటే పెద్ద చిట్టా నాదేనని చెప్పేది. ఆకలి రుచెరగదనే వాళ్ళు ఒక్కసారి మా ఇంటికి రావాలి.

అప్ప ఏడు కూరలు వండేది కాదు. ఒక్కటే వండి, దాన్ని దారిలో దింపుకుంటూ పోయేది. ఆనపకాయ పప్పు అనుకోండి. కాయ ఉడకగానే, కారం పడకముందే రెండు గరిటెలు నా కూతురి గిన్నెలోకి. అప్పుడు పచ్చిమిర్చి, చింతపండు. కొంత తీసి ఇంగువ పోపు పెడితే అది అత్తది. మిగిలినదానికి వెల్లుల్లి పోపు పెడితే మా ఆయనకూ నాకూ. అడుగున ఉన్నది బావగారిది, అందులో వేయించిన ఎండు రొయ్యలు పడేవి. ఆ రొయ్యలు మాత్రం పెరట్లో కట్టెల పొయ్యి మీద వేయించుకొచ్చేది, వాసనకు మా ఆయన లేచిపోకుండా. కొడుక్కి ఎలాగూ కుక్కరులో రెండు దుంపలు పడేసి ఉంచేది. ఎనిమిదయ్యేసరికి అందరం వంటింట్లో ఒకే వరసలో కూర్చోవాలి, అదొక్కటే ఆవిడ షరతు. కంచాల్లో మిగిలింది చూసి నేను సణిగితే, "ఒగ్గేసిందానికేసి సూడకే, తిన్నదానికేసి సూడు" అనేది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కూతురికి నాలుగేళ్ళప్పుడు ఒక రాత్రి అన్నం తినకుండా ఏడుస్తుంటే అత్త, "తల్లి పెంపకం అలాగున్నాది మరి" అంది. అంతే. మర్నాడే ఒంటి బర్నరు పొయ్యి, చిన్న సిలిండరు తెచ్చి మేడ మీద గదిలో పెట్టాను. ఒక ఇంట్లో రెండో పొయ్యి వెలిగిందంటే అన్నదమ్ములు వేరుపడ్డట్టే. బావగారు ఆ రోజంతా వీధి అరుగు మీంచి లేవలేదు. మా ఆయన నాతో మాట్లాడలేదు. ఇల్లు రెండు ముక్కలవుతోందని నాకూ తెలుసు. తెలిసే బెండకాయలు తరిగాను.

ఎనిమిదింటికి అప్ప మెట్లెక్కి వచ్చింది, చేతిలో కంచం.

"ఏటే, మీ ఇంట్లో ఇయ్యాల ఏటి కూర?"

"నీకెందుకు?"

"ఆకలేస్తంది. పెడతావా, పొమ్మంటావా?"

పెట్టాను. తిని, కంచం కడుక్కొని వెళ్ళిపోయింది. మర్నాడు బావగారినీ కొడుకునూ వెంటబెట్టుకొచ్చింది. మూడో రోజు మా అత్త కూడా గోడ పట్టుకొని మెట్లెక్కింది. ఆ ఒక్క బర్నరు మీద ఏడుగురికి వండేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. ఒకరు రొయ్యలేవంటారు, ఒకరు వెల్లుల్లి కంపంటారు. అప్ప మాత్రం వంచిన తల ఎత్తకుండా తింటోంది, నవ్వు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది.

నాలుగో రోజు సాయంత్రం పొయ్యిని చంకన పెట్టుకొని కిందికి దిగాను. గెలిచినట్టు ఒక్క చూపు కూడా చూడలేదు మహాతల్లి. గట్టు మీద గిన్నెలు పక్కకు జరిపి, "ఇక్కడెట్టు. మూడో బర్నరు నేక ఇన్నాళ్ళూ సచ్చిపోతన్నాను" అంది.

అప్ప అందరికంటే చివర, కూర చేసిన మూకుట్లోనే అన్నం కలుపుకొని తినేది. నా కూతురు ఎదురుగా కూర్చొని చూసేది. తినమని ఆవిడ ఒక్కనాడూ అనలేదు. "ఇది నాది. నీకు నేదు" అనేది. వారం తిరిగేసరికి మూకుట్లో రెండు చేతులుండేవి. కారం పడదన్న పిల్ల ముక్కు కారుతున్నా లేచేది కాదు. నేను తిట్టి, కొట్టి తినిపించలేకపోయిన అన్నం ఆవిడ పెట్టకుండానే పెట్టింది. ఈ రోజు ఇంటర్ చదువుతున్న ఆ పిల్ల ఒంట్లో ఉన్న బలం అప్పదే, అది నేను ఎవరి ముందైనా చెబుతాను.

పెద్దకర్మ అయి చుట్టాలు వెళ్ళిపోయాక వంట నా చేతికొచ్చింది. అప్ప చేసినట్టే దింపుకుంటూ వండాను. ఎవరూ వంక పెట్టలేదు. ఎవరి కంచం వాళ్ళు పట్టుకెళ్ళి ఒకరు టీవీ ముందు, ఒకరు అరుగు మీద, కూతురు గదిలో తలుపేసుకొని తిని, కడిగి బోర్లిస్తున్నారు. పొరపాటున అత్త గిన్నె బావగారికి వెళ్ళింది. ఆయన అది కూడా తినేశారు. అప్పుడు నాకు భయమేసింది. మేడ మీద పొయ్యి వెలిగించిన రోజు కూడా ఈ ఇల్లు ఇన్ని ముక్కలవలేదు. ఆవిడ అన్నేళ్ళు నిలబెట్టింది నా చేతుల్లో పడి పోతుందేమోననిపించింది.

మొన్న కావాలనే చారులో ఉప్పు వేయలేదు. ఐదుగురూ తిన్నారు, ఒక్కరూ ఉప్పు అడగలేదు. నిన్న గుప్పెడు వేశాను. వడ్డించాక ఎవరి మూలకు వాళ్ళు పోయారు. నేను వంటింట్లో చెవులు రిక్కించి నిలబడ్డాను.

"ఏటమ్మా ఇది!" అరుగు మీంచి బావగారి కేక. "చారా, కళింగపట్నం సముద్రమా? గొంతు దిగతాదేటి?"

కంచంతో లోపలికొచ్చేశారు. వెనకే మా ఆయన, "నానూ అనుకున్నాను గాని ఊరుకున్నాను" అన్నాడు. అత్త గదిలోంచి వస్తూనే మొదలెట్టింది, "మీ అమ్మోళ్ళింట్లో ఉప్పు ఇలాగే కుమ్మరిస్తారేటే?" అప్ప కొడుకు కంచంతో వచ్చి నవ్వాడు, నెల తర్వాత మొదటిసారి. నా కూతురు తలుపు తీసుకొని వచ్చి, "పెద్దమ్మయితే నీళ్ళోసి మళ్ళీ మరగబెట్టేది..." అని సగంలో ఆగిపోయింది.



"అలాగే సెయ్యమ్మా. మరగబెట్టు. కూకుంటాను" అన్నారు బావగారు, వంటింటి గచ్చు మీద చతికిలబడుతూ.

ఏడుస్తూనే నీళ్ళు పోసి మంట పెంచాను. చారు మళ్ళీ మరిగేదాకా ఐదుగురూ కంచాలు ముందు పెట్టుకొని, పొయ్యికెదురుగా వరసలో కూర్చునే ఉన్నారు.