మెదక్ దాకా వచ్చిన మబ్బు

భిక్షపతిగారికి భయం. దేనికి భయమని అడిగితే సాయంత్రం దాకా చెప్పాలి. ఉరుమంటే భయం, గ్యాస్ సిలిండరంటే భయం, మున్సిపాలిటీ వాళ్లంటే మరీ భయం. అన్ని భయాలకూ ఆయన దగ్గర ఒకటే మందు: తీగ పీకెయ్యడం. ఆకాశం మసకబడితే టీవీ తీగ పీకేవారు. పక్కింట్లో కుక్కర్ గట్టిగా కూస్తే తమ ఇంట్లో మిక్సీ తీగ పీకేవారు. జై తెలంగాణ అని నినాదమివ్వాలన్నా ముందు కిటికీలు మూసి, ఫ్రిజ్ తీగ పీకి, ఆ తర్వాతే గొంతెత్తేవారు.

నల్లగొండ పల్లె నుంచి వచ్చి, బస్సు కండక్టరుగా రిటైరై, దిల్‌సుఖ్‌నగర్ సందులో మేడ కట్టుకున్నారు. కింద ఆయనా, భార్య తిరుపతమ్మా, గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో గుమాస్తాగా చేసే మేనల్లుడు జగనూ ఉండేవారు. పైన తెనాలి నుంచి వచ్చిన మృదుల, ఆమె భర్త కార్తీక్ కిరాయికుండేవారు. డాక్టర్లు చెప్పి రికార్డు చేసినవి విని, టైపు చేసి, నెట్‌లో పంపడం మృదుల ఉద్యోగం.

"మీకో నెట్టు, మాకో నెట్టు ఎందుకు బిడ్డా? ఒక్కటే పెట్టిద్దం. తీగలు తక్కువుంటే భయం తక్కువ" అన్నారు భిక్షపతిగారు. నెట్ పెట్టె కింద హాల్లో పెట్టించి, ఒక తీగ తమ కంప్యూటరుకూ, ఇంకో తీగ కిటికీలోంచి పైకీ లాగించారు.

ఆయన కంప్యూటరు కొన్నదే మబ్బుల కోసం. పైనుంచి తీసిన మబ్బుల బొమ్మ నెట్‌లో దొరుకుతుందని జగన్ చెప్పాడు. మబ్బు ఎక్కడి దాకా వచ్చిందో ముందే తెలిస్తే తీగలు తీరిగ్గా పీకొచ్చు కదా అని ఆయన ఆలోచన.

ఆ తర్వాత సమ్మెల కాలం వచ్చింది. బస్సుల్లేవు, బళ్లు లేవు, రోజుకో ఊరేగింపు. చౌరస్తా నుంచి నినాదాలు వినిపిస్తే చాలు, మృదుల తలుపు గడియ పెట్టుకునేది. దానికి తోడు ఆమె నెట్ పోవడం మొదలైంది. మామూలు రోజుల్లో అప్పుడప్పుడూ పోయేది, బంద్ రోజున మాత్రం తప్పకుండా పోయేది. కుర్చీ బర్రున వెనక్కి లాగి ఆమె లేచేలోపే కింద కేక వినిపించేది.

"పీకెయ్ జగన్! జల్ది పీకెయ్!"

తన తీగే పీకుతున్నారేమోనని ఆమె అనుమానం. కంప్యూటరు ఆపి మళ్లీ పెడితే కాసేపటికి నెట్ వచ్చేది గానీ, ఈలోగా ఫైలు ఆలస్యమయ్యేది. ఇంకొక్కసారి ఆలస్యమైతే ఉద్యోగం వదులుకోమని ఆఫీసు వాళ్లు చెప్పేశారు.

"ఆంధ్రావాళ్లమని పొగబెడుతున్నారండీ" అంది ఫోన్లో. బస్సుల్లేక కార్తీక్ విజయవాడలో చిక్కుకుపోయాడు.

"భిక్షపతిగారా? ఆయన బల్లిని కూడా వెళ్లగొట్టలేడు మృదులా."

"మీరక్కడ కూర్చుని ఎన్నైనా చెబుతారు. నేనిక్కడ ఒక్కదాన్నే ఉన్నాను."

మర్నాడూ బందే. నాలుగింటికల్లా ఫైలు పంపాలి. మూడున్నరకు నెట్ పోయింది. కుర్చీ లాగింది. కింద కేక. అదే సమయానికి సందు మొదట్లో డప్పులు, టపాకాయలు. కంప్యూటరు ఆపి పెట్టినా ఈసారి నెట్ రాలేదు. మృదులకు ఏడుపొచ్చింది, ఆ వెనకే కోపమొచ్చింది. గబగబా మెట్లు దిగింది.

హాల్లో భిక్షపతిగారు చెక్క స్టూలు మీద నిలబడి ఉన్నారు. కాళ్లకు రబ్బరు చెప్పులు, చేతికి చుట్టిన తువ్వాలు, ఆ చేతిలో నెట్ పెట్టె నుంచి పైకి వెళ్లే తీగ.

"మీరేనా బాబాయిగారూ? మమ్మల్ని పొమ్మంటే పోతాం కదా, ఈ తీగలు పీకడం దేనికి?"

ఆయన చేతిలో తీగ వైపు చూసుకుని బిక్కచచ్చిపోయారు. తిరుపతమ్మ నెత్తి కొట్టుకుంది.

"అయ్యో, ఇయ్యాల డప్పులకు బుగులువడి నీ తీగ పీకిండా! రోజూ పీకేది మా కంప్యూటర్ తీగ బిడ్డా. నీ కుర్చీ చప్పుడైతే నీ నెట్టు పోయిందని ఎర్క. మాది పీకితే నీకొస్తదని పీకుతడు. కొన్నప్పటిసంది ఆ మబ్బు బొమ్మ నిండా చూడనేలేదు. తెర మీద ఆ బొమ్మ పైకెల్లి కిందికి మెల్లగ దిగుతది గద, మెదక్ దాకా రాంగనే నీ కుర్చీ జరుగుతది!"

"బంద్ నాడు మార్కెట్ ఉండది, నేను వార్తలు పెట్టుకుంట. నాదీ పీకుతడక్కా" అన్నాడు జగన్.

మృదుల ఆయన చేతిలోని తీగ తీసుకుంది. దాన్ని మళ్లీ పెట్టెలో గుచ్చింది. కింది కంప్యూటరు తెర మూల చిన్న గడిలో ఏవో అక్షరాలు వచ్చాయి. జగన్ మూసెయ్యబోతే ఆపింది. నెట్ కోసం ఈ కంప్యూటరుకిచ్చిన నంబరే ఇంకో కంప్యూటరుకు కూడా ఉందని ఇంగ్లీషులో రాసి ఉంది; అలాగైతే ఒకటి పెట్టగానే రెండోదానికి నెట్ పోతుంది. పైన ఆమె తెర మీదా అదే వచ్చేది. ఆ కంగారులో ఆమె ఒక్కనాడూ చదవలేదు.

"రెండిటికీ ఒకే నంబరు పెట్టిందెవరు?"

"మామనే పెట్టమన్నడు."

"ఒక ఇంటికి ఒకటే నంబరుండాలె గద బిడ్డా" అన్నారు భిక్షపతిగారు స్టూలు దిగకుండానే. "రెండుంటే మున్సిపాలిటోళ్లు రెండు ఇండ్లని రాసుకోరా?"

మృదుల నవ్వాపుకుంటూ కింది కంప్యూటరు నంబరులో చివరి అంకె మార్చింది. పరుగున మేడెక్కి ఫైలు పంపింది. అందిందని ఆఫీసు నుంచి జవాబొచ్చాకే ఊపిరి పీల్చుకుని మళ్లీ కిందికొచ్చింది.

"నాకు ముందే ఎందుకు చెప్పలేదు బాబాయిగారూ?"

"చెప్తే నువ్వు పరేషానై వేరే ఇల్లు చూస్కుంటవని బుగులు. నీ కొలువు పోయినా పోతవు. పైన అడుగుల చప్పుడు లేకుంటే నాకు నిద్ర వట్టదు బిడ్డా."

ఆమెకు ఆ మనిషి మీద ప్రేమ పొంగింది. కుర్చీలో కూర్చోబెట్టి మబ్బుల బొమ్మ తెరిచి ఇచ్చి పైకి వెళ్లింది. కింద నుంచి ఆయన గొంతు వినిపిస్తూనే ఉంది.

"ఆదిలాబాద్... మెదక్... అగో, మెదక్ దాటింది! తిరుపతీ, మన పట్నమొచ్చింది! ఓయమ్మో, ఇంత పెద్ద మబ్బు! పీకెయ్ జగన్, అన్నీ పీకెయ్!"

పైనా కిందా నెట్ పోయింది. ఎక్కడో ఉరిమింది. ఆ తర్వాత కింద ఒక్క మాటా లేదు. మృదుల లేచి, కావాలనే కుర్చీని గది ఈ చివర నుంచి ఆ చివర దాకా బర్రున లాగింది.

"ఉన్నవా బిడ్డా?" అని కింద నుంచి సన్నగా వినిపించింది.

"ఉన్నాను బాబాయిగారూ!"

"అయితే ఉరమనియ్!"