వార్డులో దివిటీ

విజయనగరంలో ఒక ధర్మసంస్థ నడిపే పిల్లల క్లినిక్‌లో నేను హెడ్ నర్సుగా చేరింది రిటైరవడానికి మూడేళ్ళ ముందు, సరిగ్గా దీపావళి నెలలో. చిన్న వార్డు, ఇద్దరు డ్యూటీ నర్సులు, ఒక డాక్టరుగారు. హెడ్ నర్సంటే సూదులు వేసే పని తక్కువ, అందరిచేతా మాటలు పడే పని ఎక్కువ.

పండక్కి ఊళ్ళో షావుకార్లు మిఠాయిలు పంపించారు. ఆవరణలో ఎక్కడా నిప్పు వెలిగించకూడదని డాక్టరుగారి ఆర్డరు. ఆక్సిజన్ సిలిండర్లున్న చోట అది న్యాయమే. అందుకని బుడగలు, రంగు కాగితాలు కట్టి, పిల్లల తల్లిదండ్రులను భోజనాలకు పిలిచాం. ఏర్పాట్లు బ్రహ్మాండంగా చేశానని నేను తెగ మురిసిపోయాను.

పండగనాడు మధ్యాహ్నం, శృంగవరపుకోట దగ్గరి పల్లె నుంచి వచ్చిన పైడమ్మ ఇంటికెళ్ళిపోతానని మూట కట్టేసింది. ఆమె మనవడు అప్పన్నకు ఐదేళ్ళు, నిమోనియా. ఆక్సిజన్ అవసరం తీరింది గానీ, నరంలోకి ఇచ్చే యాంటీబయాటిక్ కోర్సు ఇంకా సగంలోనే ఉంది. మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుంది. ఈసారి ముదిరితే పిల్లాడు దక్కుతాడన్న నమ్మకం లేదు. డాక్టరు మాట కాదని తీసుకెళ్ళేవాళ్ళచేత సంతకం పెట్టించుకుంటాం, దాన్ని మేం లామా అంటాం. ఆ మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. కోపంగానే వెళ్ళాను.

"ఏటి సేత్తానమ్మా? పోయినేడు మా ముసిలోడు పోనాడు, పండగ సెయ్యనేదు. ఈ ఏడూ మా గుంటడు దివిటీ కొట్టకపోతే ఇంకేటున్నాది? పొద్దోయేసరికి ఇంటికాడుండాల," అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా కోపం సగం అక్కడే దిగిపోయింది.

మా వైపు దీపావళి అంటే టపాసుల కంటే ముందు దివిటీలు. గోగు కాడకు నూనెలో తడిపిన గుడ్డ వత్తి కట్టి, వెలిగించి, పిల్లలు వాకిట్లో నేలకేసి కొడతారు. తర్వాత కాడ పారేసి, కాళ్ళు కడుక్కుని, వెనక్కి చూడకుండా లోపలికొచ్చి తీపి తింటారు. చిన్నప్పుడు నేనూ కొట్టినదాన్నే. బుడగలు కట్టేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

డాక్టరుగారిని అడిగితే, పొగ పీల్చాడంటే ఇన్నాళ్ళ వైద్యమూ దండగేనన్నారు. ఆయనదీ నిజమే. మళ్ళీ పైడమ్మ దగ్గరికొచ్చి ఈసారి పక్కన కూర్చున్నాను. ఇందులో ఏది లేకపోతే అది దివిటీ కాకుండా పోతుందని అడిగాను. ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టింది.

"కాడకి ఆడి సెయ్యి తగలాల. కాళ్ళు కడగాల. కొట్టడానికేటి, ఆడి అయ్య కొట్టినా సెల్తాది."

నిప్పు గేటు బయట, పిల్లాడు అద్దం లోపల అంటే డాక్టరుగారు సరేనన్నారు. సాయంత్రం అప్పన్న తండ్రి గోగు కాడ తెచ్చాడు. సూది గొట్టం ఉన్న చేతికి కదలకుండా బద్ద కట్టి ఉంచాం కాబట్టి, పిల్లాడు రెండో చేత్తో వెలిగించని కాడను పట్టుకున్నాడు. తండ్రి దాన్ని గేటు అవతలికి తీసుకెళ్ళి, రోడ్డు వారన వెలిగించి కొట్టాడు. కిటికీ అద్దం మూసేసి, అప్పన్నను ఎత్తుకుని చూపించాను. "గట్టిగా కొట్టయ్యా!" అని అరిచాడు. ఆ అరుపుకి దగ్గు తెర వచ్చింది గానీ, వాడు నవ్వుతూనే ఉన్నాడు.

మిగతా మంచాల వాళ్ళు ఊరుకుంటారా? ఎక్కడెక్కడినుంచో కాడలు తెచ్చి, పిల్లల చేతులు తాకించుకుని, తండ్రులంతా గేటు బయట వరస కట్టారు. డాక్టరుగారు బకెట్టు నీళ్ళతో కాపలా నిలబడ్డారు. నా బుడగల వైపు ఎవరూ చూడలేదు.

పైడమ్మ బేసినులో మనవడి కాళ్ళు కడిగి, నోట్లో మిఠాయి ముక్క పెట్టింది. మూట విప్పి దుప్పటి తీసి మంచం మీద పరిచింది. బద్ద కట్టిన చేతిని తనే నా ముందుకు చాపి పట్టుకుంది.

"పండగైపోనాది. ఇంక నీ మందు ఎయ్యమ్మా," అంది.

ఆ డోసు వేళకే పడింది. కోర్సు పూర్తయ్యాకే వాళ్ళు ఇంటికెళ్ళారు. రోగిని వార్డులో ఆపాలంటే, ఇంటి దగ్గర ఏ పనుందని వెళ్తున్నారో ముందు అడగాలని ఆ రోజు నేర్చుకున్నాను. మరుసటి ఏడాది బుడగలు మానేసి గోగు కాడలు తెప్పించాను.