నాన్న తాగిన ద్రాక్షరసం

ఇవాళ హైటెక్ సిటీలో మా ఆఫీసు క్యాంటీన్‌లో ఎవరో ద్రాక్షరసం ఒలకబోశారు. ఆ వాసనకి అన్నం సగంలో వదిలేసి లేచాను.

మన మూసాపేట చర్చి పిల్లలూ, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల ఆదివారాలు గుర్తున్నాయా? పెద్దవాళ్లు తాగి పెట్టిన చిన్న చిన్న స్టీలు గ్లాసుల్ని కడిగే నెపంతో వాసన చూసేవాళ్లం. మా నాన్న మాత్రం ఆ రోజు బయట చెప్పుల దగ్గరే నిలబడేవాడు. ఆయన తాపీమేస్త్రీ. బాప్తిస్మం రోజు మందు మానేస్తానని మాటిచ్చి, నెల తిరక్కుండానే తప్పాడు. తాగొస్తే అమ్మని కొట్టేవాడు.

నాకు పదకొండేళ్లప్పుడు లివర్ పాడై దవాఖానలో పడ్డాడు. పాస్టరు అయ్యగారు రొట్టె, ద్రాక్షరసం తెచ్చారు.

"నాకొద్దయ్యా. నేను మాట తప్పినోన్ని," అని నాన్న గోడవైపు తిరిగాడు.

"నిబంధన చేసి మాటిచ్చింది దేవుడు, యోహానూ. నువ్వెన్నిసార్లు తప్పినా ఆయన తప్పలేదు," అన్నారు అయ్యగారు.

నాకు ఒళ్లు మండింది. అమ్మ చెయ్యి విరిగిన రోజు ఆ దేవుడెక్కడున్నాడు అనుకుంటూ వరండాలోకి వెళ్లిపోయాను.

కాసేపటికి అమ్మ వచ్చి, "తాగిండు బిడ్డా," అంది ఏడుస్తూ.

ఇంట్లో ఆ మాట వింటే చాలు, మంచం కింద దూరేదాన్ని. ఆ రోజు మాత్రం లోపలికెళ్లి, నాన్న గడ్డం మీద కారిన రసం తుడిచాను. తెల్లారి ఆయన పోయాడు.

ఇన్నేళ్లయినా నాన్నని పూర్తిగా క్షమించలేకపోయాను. అయినా బల్ల ఆదివారం ఆ గ్లాసు నా చేతికీ వస్తూనే ఉంది.