బాబాయికి ఇచ్చిన రెండు రోజులు

మొన్న బెర్లిన్‌లో ఎస్‌-బాన్ రైలెక్కి కూర్చోగానే మా అమ్మాయి ఓ పాట ఎత్తుకుంది. వాళ్ల స్కూల్లో ఈ ఏడు వేస్తున్న నాటకంలోదట. యూదుల పల్లె, పాలమ్ముకుని బతికే తండ్రి, పెళ్లీడుకొచ్చిన కూతుళ్లు, చివర్లో ఊరు ఖాళీ చేయమని సర్కారు హుకుం. "డాడీ, నీకిది తెలుసా?" అని జర్మన్‌లో అడిగింది. తెలియదన్నాను. అబద్ధాలాడటం నాకు కొత్త కాదు.

నేను ఇదే జర్మనీలో డెగ్గెన్‌డార్ఫ్ అనే చిన్న ఊళ్లో మాస్టర్స్ చేసేటప్పుడు మా కాలేజీలో అదే నాటకం వేశారు. తండ్రి వేషం మా బాబాయిది. వరసకు బాబాయేగానీ వయసులో నాకన్నా రెండేళ్లు చిన్న. అయినా "ఒరే అబ్బాయ్, బియ్యం కడిగావా?" అంటూ పెద్దరికం చేసేవాడు. గుడివాడ పక్కన వాళ్ల ఊరి చర్చిలో అందరినీ పాడించిన గొంతు. పప్పు తిప్పుతూ ఆ పాటలు సాధన చేస్తుంటే, మా చప్పుళ్లకు రోజూ గోడ బాదే పక్కింటి ముసలాయన కూడా ఊరుకునేవాడు. పాట రాని నాకు హుకుం తెచ్చే పోలీసు వేషం దక్కింది. మూడు రోజుల్లో ఊరు వదలాలని చెప్పాలి, అంతే. అదీ మొహమాటంగా చెబుతున్నానని దర్శకురాలు రోజూ చీవాట్లు పెట్టేది.

ముగ్గురికని తీసుకున్న ఇంట్లో నలుగురం ఉండేవాళ్లం. అగ్రిమెంటు నా పేరు మీద. బాబాయికి అక్కడ అన్మెల్డుంగ్ లేదు, అంటే ఆ చిరునామాలో ఉంటున్నట్టు టౌన్ ఆఫీసులో నమోదు లేదు. నాటకం శనివారమనగా గురువారం ఇంటి ఓనర్ల ఉత్తరం వచ్చింది. సోమవారం మనిషిని పంపుతున్నాం, అన్ని గదులూ చూస్తాడు, అని. రెండు వాక్యాలకే ఉత్తరం మడిచేశాను, మిగతాది చదవలేదు. బాబాయి రిహార్సల్‌లో ఉండగా ముగ్గురం వంటింట్లో తేల్చేశాం. శనివారం, అద్దం ముందు గడ్డం అతికించుకుంటున్న మనిషికి నేనే చెప్పాను.

"బాబాయ్, ఎల్లుండి పొద్దున్నకల్లా నువ్వు ఖాళీ చెయ్యాలి."

"పరీక్ష ఇంకో వారంలో ఉందిరా. మూడో అటెంప్టు, ఇది పోతే నా చదువే పోద్ది. పుస్తకాలేసుకుని ఎక్కడ తిరగమంటావ్?"

"మా సంగతి మేం చూసుకోవాలిగా."

ఆ సాయంత్రం నా డైలాగు తడబడకుండా వచ్చింది. ఇన్నాళ్లూ అడిగింది ఇదేనని దర్శకురాలు భుజం తట్టింది. బాబాయి బండి లాగుతూ ఊరు వదిలి వెళ్తుంటే ముందు వరసలోవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. నాటకంలో పోలీసు మూడు రోజులిచ్చాడు, మేమిచ్చింది రెండే.

ఆదివారం సూట్‌కేసు, రైస్ కుక్కర్ పట్టుకుని వెళ్లిపోయాడు. సోమవారం వచ్చినతను స్టూలెక్కి, గది గదిలో పైకప్పుకి ఉన్న పొగ అలారం నొక్కి, అది కూయగానే కాగితం మీద టిక్కు పెట్టుకుని వెళ్లాడు. ఎందరుంటున్నారని అడగనైనా లేదు. ఉత్తరం తీసి చూస్తే మూడో వాక్యంలో ఆ సంగతే ఉంది. బాబాయిని పిలిచేద్దామని ఒకడన్నాడు. అతని పరుపున్న చోట అప్పటికే నా బల్ల వేసుకున్నాను. పరీక్ష అయ్యాక చూద్దాంలే అన్నాను.

వాళ్ల గదిలో ఓ రాత్రి, వీళ్ల గదిలో ఓ రాత్రి తలదాచుకుని పరీక్ష రాశాడు, తప్పాడు, ఇండియా వెళ్లిపోయాడు. ఇప్పుడేం చేస్తున్నాడో నేను అడగను, ఎవరైనా చెప్పబోతే మాట మారుస్తాను. ఏళ్లు గడిస్తే తప్పు బరువెక్కుతుందనుకునేవాణ్ణి. కానీ ఆ బల్ల దగ్గర నా చదువు హాయిగా సాగిందన్న సంగతే ఏటికేడు స్పష్టంగా గుర్తొస్తోంది.