బావ గురించి నాలుగు మాటలు

ఆ శుక్రవారం తర్వాత మైకు మాస్టారు సెమినార్ హాలు ముందు నుంచి నడవడం మానేశారు. పార్కింగు షెడ్డు వెనక నుంచి చుట్టూ తిరిగి, జనరేటరు గది పక్కన బురద దాటుకుని తన గదికి వెళ్తున్నారు. ఎవరైనా ఎదురుపడి నవ్వితే అది మామూలు నవ్వేనా, తనను తలుచుకుని నవ్విన నవ్వా అని సాయంత్రం దాకా ఆలోచిస్తున్నారు. మనిషికి తల కొట్టేసినట్టయింది. ఎందుకయిందో తెలియాలంటే ముందు ఆయన సంగతి చెప్పుకోవాలి.

ఆయన అసలు ఉద్యోగం కామర్స్ పాఠాలు చెప్పడం. కానీ పాఠాలు విన్నవాళ్ల కంటే ఆయన స్వాగతోపన్యాసాలు విన్నవాళ్లే ఎక్కువ. ఆ యూనివర్సిటీలో అధ్యాపకులకూ సిబ్బందికీ కలిపి ఒక శిక్షణ కేంద్రం ఉంది. చాలా ఏళ్లుగా దానికి ఆయనే ఇన్‌చార్జి. కొత్త లెక్చరర్లకు ఓరియెంటేషన్, గుమస్తాలకు కంప్యూటరు తరగతులు, హాస్టల్ వార్డెన్లకు ఒత్తిడిని జయించడం ఎలా అనే సదస్సు, ఏడాదికోసారి సిబ్బందికి ఆటల పోటీలు, ఎవరైనా రిటైరైతే వీడ్కోలు సభ. అన్నీ ఆయన నెత్తి మీదే. ప్రొజెక్టరు మొరాయిస్తే అది వెలిగేదాకా జోకులు చెప్పి నెట్టుకొచ్చేది ఆయనే. భోజనం కాగానే సగం మంది చల్లగా జారుకుంటారని గ్రహించి, సర్టిఫికెట్లు సాయంత్రం టీ తర్వాతే పంచాలని కనిపెట్టిందీ ఆయనే. ఒత్తిడిని జయించే సదస్సు పెట్టడానికి ఆయన పడ్డ ఒత్తిడి ఏ వార్డెనూ పడి ఉండడు.

మాట మాత్రం ధారగా వచ్చేది. చేతిలో కాగితం ఉండదు, నోట్లో తడబాటు ఉండదు. కొత్త లెక్చరర్లను గుంపులుగా కూర్చోబెట్టి, రంగు పెన్నులిచ్చి, "ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడండి, గోడతో కాదు" అని చార్టు మీద రాయించేవారు. ఆ చార్టులు గోడకే అంటించేవారనుకోండి. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్న సామెత ఆయనకు తెలియక కాదు. అది తనకు వర్తిస్తుందని తోచలేదు, అంతే.

వీడ్కోలు సభల్లో ఆయన చెప్పే మాటలు ఎప్పుడూ ఒకటే. "గంట కొట్టకముందే వచ్చి, గంట కొట్టాక కూడా పోని మనిషి. నోరు తెరిచి కాదు అనని మనిషి. ఈ కుర్చీలో రేపు ఎవరైనా కూర్చోవచ్చు, ఈ మనసున్న మనిషిని మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తాం?" లైబ్రరీ ఆవిడ రిటైరైనా అదే, ఎలక్ట్రీషియన్ రిటైరైనా అదే. జువాలజీ హెడ్డుకి కాదు అనడం తప్ప ఇంకో మాట రాదు. ఆయనకూ అదే చదివారు. అయినా ఆ హెడ్డుగారి భార్య కళ్లు తుడుచుకుంది. దాంతో మాస్టారికి తన మాట మీద గురి ఇంకా పెరిగింది. వెనక వరసల వాళ్లకు ఆ ముక్కలన్నీ కంఠతా వచ్చేశాయన్న సంగతి ఆయన ఒక్కడి దాకా రాలేదు.

ఇక బావ. అతను పరీక్షల విభాగం సూపరింటెండెంట్. మాస్టారూ అతనూ మధ్యాహ్నం పూట కలిసి తినేవారు. ఇనుప బీరువాలు, ప్రశ్నపత్రాల కట్టలు, కరిగిన లక్క వాసన, వాటి మధ్య టేబులు మీద పాత పేపరు పరుచుకుని రెండు డబ్బాలు విప్పేవారు. సూపరింటెండెంట్ భార్య మాస్టారిని చూసిన మొదటిరోజే "అన్నయ్యగారూ" అని పిలిచింది. ఆ లెక్కన వీళ్లిద్దరూ బావలయ్యారు. ఆ పిలుపు అలాగే పాతుకుపోయింది.

పనిలో సూపరింటెండెంటుకు వంక పెట్టడానికి లేదు. ఒక్క వంకే ఉంది. మామూలు రోజుల్లో ఏనాడూ వేళకు రాలేదు. అందరూ వచ్చి, ఫ్యాన్లు వేసుకుని, మొదటి టీ తాగేశాక, చొక్కా వీపుకి అంటుకుపోయి, రొప్పుతూ వచ్చేవాడు. పరీక్షల రోజుల్లో మాత్రం అందరికంటే ముందుండేవాడు. దాంతో జనానికి ఇంకా మండేది. రాగలిగీ రావడం లేదన్నమాట అనుకునేవారు. లేటు సూపరింటెండెంటని పేరు పడిపోయింది. రిజిస్ట్రార్ మెమోల మీద మెమోలిచ్చాడు. ఒకసారి ప్రమోషన్ ఆపాడు. ఇంకోసారి కారిడార్లో నలుగురి ముందు నిలబెట్టి, "ఇంటి దగ్గర గడియారం లేదా అయ్యా?" అని అడిగాడు. "తప్పయిపోయిందండి" అన్నాడే తప్ప సూపరింటెండెంట్ కారణం చెప్పలేదు.

కారణం మాస్టారికి తెలుసు. ఆ ప్రాంగణంలో ఇంకెవరికీ తెలియదు. సూపరింటెండెంట్ భార్య పెద్దాసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీలే ఎక్కువ పడేవి. పెళ్లయిన కొత్తలో ఒక ఉదయం డ్యూటీ దిగి బస్సులో వస్తూ, నిద్రమత్తులో పట్టు తప్పి మెట్ల మీంచి కిందపడింది. కడుపులో ఉన్న బిడ్డ పోయింది. మళ్లీ కాన్పు రాలేదు. ఆనాటి నుంచి ఆవిడ డ్యూటీ దిగేవేళకు సూపరింటెండెంట్ గేటు దగ్గర స్కూటరుతో ఉండేవాడు. ఇంటికి తెచ్చి, నీళ్లు కాచిచ్చి, నాలుగు మెతుకులు తినిపించి, ఆవిడ కన్ను మూతపడ్డాకే ఆఫీసుకి బయల్దేరేవాడు. పరీక్షల రోజుల్లో ఆవిడే సెలవు పెట్టుకునేది.

"చెప్పి పర్మిషన్ తీసుకోరాదూ బావా?" అని మాస్టారు ఒకసారి అడిగారు.

"ఏమని రాయమంటావ్? మా ఆవిడ కడుపులో సంగతి అర్జీలో పెట్టమంటావా?" అన్నాడు సూపరింటెండెంట్. మాస్టారు మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు.

రిటైరవడానికి వారం ముందు సూపరింటెండెంటే ఎత్తాడు. డబ్బా మూత పెడుతూ, ముఖం ఇటు తిప్పకుండా అన్నాడు.

"బావా, ఆ రోజు మైకు నీదేగా. నా గురించి ఒక్క ముక్క చెప్తావా?"

"ఒక్కటేంటి, పది చెప్తాను."

"పది వద్దు. బిడ్డ మాట అసలే వద్దు. వీడు పెళ్లాన్ని ఇంటికి తీసుకురావడానికి వెళ్లేవాడు, అందుకే లేటయ్యేది. అంతే చెప్పు. నేను చెప్పుకుంటే సాకులా ఉంటుంది. నువ్వు చెప్తే నమ్ముతారు. పోయేటప్పుడన్నా ఆ పేరు తుడిచిపెట్టి పోతే బాగుంటుంది. మా ఆవిడకి కూడా. ఇన్నేళ్లూ తన వల్లే నేను మాటలు పడుతున్నానని కుమిలిపోతుంది."

"అదేం పెద్ద పనా బావా. నాకు వదిలెయ్" అన్నారు మాస్టారు. చెప్తారనే అనుకున్నారు. అందులో అబద్ధం లేదు.

శుక్రవారం వచ్చింది. కుర్చీలు బోసిగా కనిపించకూడదని ఓరియెంటేషన్‌కి వచ్చిన కొత్త లెక్చరర్లను కూడా మాస్టారే హాల్లో కూర్చోబెట్టారు. సూపరింటెండెంట్ భార్య ముందు వరసలో, కొత్త బట్టల్లో, నిద్ర చాలని కళ్లతో కూర్చుంది. వైస్ ఛాన్సలర్ ఆలస్యంగా వచ్చి, "కాస్త త్వరగా కానివ్వండి, ఇంకో మీటింగుంది" అన్నాడు. పక్కన రిజిస్ట్రార్. బల్ల మీద బహుమతి ప్యాకెట్టు. రిటైరైన ప్రతివాళ్లకీ ఇచ్చే గోడగడియారమే అందులోనూ ఉంది.

మాస్టారు మైకు అందుకున్నారు. "ఈయన అందరికీ సూపరింటెండెంట్, నాకు మాత్రం బావ" అని మొదలుపెట్టారు. మంచి ఎత్తుగడే. ఆ తర్వాతి వాక్యం నాలుక చివరే ఉంది. ఈయన రోజూ లేటుగా ఎందుకొచ్చేవాడో మీకెవరికీ తెలియదు, అనాలి. అనబోతూ పక్కకి చూశారు. రిజిస్ట్రార్ చేతి గడియారం చూసుకుంటున్నాడు. ఆ మెమోలన్నీ ఇచ్చిన మనిషి. మాస్టారి ఇన్‌చార్జి పదవి పొడిగించే ఫైలు ఆ వారమే అతని టేబులు మీద ఉంది. ఇప్పుడు ఈ మాటంటే, మీరు ఇన్నేళ్లూ ఒక మంచివాణ్ణి కారణం కనుక్కోకుండానే తిట్టారు అని పదిమందిలో అన్నట్టే. మాస్టారి గొంతు ఒక్క క్షణం ఆగింది. ఆగిన గొంతుకి అలవాటైన దారి దొరికింది.

"గంట కొట్టకముందే వచ్చి..."

హాలు ఘొల్లుమంది. లేటు సూపరింటెండెంటుని పట్టుకుని ఆ మాటనేసరికి కొత్తవాళ్లూ పాతవాళ్లూ ఒక్కటై నవ్వారు. వెనక వరసలు మిగతా సగం అందుకున్నాయి. "గంట కొట్టాక కూడా పోని మనిషి" అని కోరస్‌గా పలికాయి. అప్పుడు తెలిసింది మాస్టారికి, ఇది వాళ్లకి ఎప్పటినుంచో వచ్చని. పొద్దున ఆయన పాఠం విన్న కొత్త లెక్చరరమ్మ ఒకామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఊగిపోతోంది. అక్కడైనా ఆగి ఉండవచ్చు. ఆగితే ఏం చెప్పాలో తెలుసు, అది చెప్పే ధైర్యం లేదు. కాబట్టి ఆగకుండా ఈ మనసున్న మనిషి దాకా నడిపించి ముగించారు. ప్రతి ముక్కకీ వెనక నుంచి తోడు గొంతులు వచ్చాయి.

"భలే చమత్కరించారు మాస్టారూ" అన్నాడు రిజిస్ట్రార్, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ. సూపరింటెండెంట్ కూడా నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు. గడియారం చేతికిచ్చినప్పుడు మళ్లీ నవ్వులు. అతను రెండు మాటలు మాట్లాడి, అందరికీ దణ్ణం పెట్టి కూర్చున్నాడు.

సభయ్యాక మాస్టారు మైకు వైర్లు చుట్టుకుంటూ స్టేజీ మూల నిలబడిపోయారు. ఆ వైర్లు చుట్టే పని ఆయనది కాదు. బావ వెతుక్కుంటూ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"బాగా చెప్పావ్ బావా."

తిట్టి ఉంటే మాస్టారు తట్టుకునేవారు.

ఆ రాత్రి సభ ఎలా జరిగిందని భార్య అడిగితే, బాగానే జరిగిందన్నారు. సోమవారం ఓరియెంటేషన్‌లో 'నలుగురిలో మాట్లాడటం' అనే పాఠం ఉంది. గొంతు పట్టేసిందని అబద్ధం చెప్పి ఇంగ్లీషు డిపార్టుమెంటు ఆయన చేత చెప్పించారు. టీ దగ్గర ఆ కొత్త లెక్చరరమ్మ వచ్చి, "శుక్రవారం జోకు సూపర్ సార్, అంత సీరియస్‌గా ముఖం పెట్టి ఎలా చెప్పారు సార్?" అని మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలుతో ఆయనకు ఒళ్లంతా సిగ్గు పాకింది. బుధవారం పదవి పొడిగింపు ఆర్డరు వచ్చింది. చదవకుండా సొరుగులో పడేశారు. ఆ కాగితం కోసమే నోరు మూసుకున్నానని ఇంకొకరు చెప్పనక్కర్లేదు, ఆయనకు తెలుసు.

ఇంటికి వెళ్లి క్షమాపణ అడగడానికి మొహం చెల్లలేదు. చివరికి ఒక ఉదయం పెద్దాసుపత్రి గేటు దగ్గరకు వెళ్లారు. సూపరింటెండెంట్ రిటైరయ్యాడు గానీ అతని భార్యకు ఇంకా సర్వీసుంది. అనుకున్నట్టే, మందుల షాపు పక్కన స్కూటరు స్టాండు వేసి, దాని మీద పక్కకి కూర్చుని ఉన్నాడు.

"ఏంటి బావా ఇలా వచ్చావ్? ఒంట్లో బాలేదా?"

"నీకోసమే వచ్చాను." మాస్టారికి మాటలు కూడలేదు. ఎన్ని వందల సభలు నడిపించిన నోరో అది. "చెప్దామనే లేచాను బావా. నోటిదాకా వచ్చింది."

"తెలుసు."

"రిజిస్ట్రార్ వైపు చూశాను."

"అదీ తెలుసు. నువ్వు అటు తిరిగినప్పుడే అనుకున్నా, అయిపోయింది మన పని అని." స్కూటరు అద్దం మీద దుమ్ము వేలితో తుడిచాడు. "పోనీలే. రిటైరైనవాడు లేటొస్తే ఏంటి, ముందొస్తే ఏంటి."

"పిరికివాణ్ణి బావా నేను."

కాదంటాడేమోనని మాస్టారు ఒక్క క్షణం చూశారు. అతను అనలేదు.

"ఇప్పుడు చెప్తాను. ఈసారి స్టాఫ్ మీటింగులో లేచి అందరికీ చెప్తాను."

"ఇప్పుడెందుకు బావా. ఎవరూ అడగందే వెళ్లి చెప్తే అది నీకోసం చెప్పుకున్నట్టుంటుంది."

అదీ నిజమేననిపించి మాస్టారు తల వంచుకున్నారు. అంతలో డ్యూటీ దిగిన నర్సులు ఒక్కొక్కరే గేటు దాటుతున్నారు. వాళ్లలో సూపరింటెండెంట్ భార్య కూడా వచ్చింది. మాస్టారిని చూసి గాభరాపడింది.

"ఇక్కడున్నారేంటి అన్నయ్యగారూ? ఇంట్లో అందరూ బావున్నారా?"

"అందరూ బాగున్నారమ్మా. నిన్నూ బావనీ క్షమించమని అడగడానికి వచ్చాను. ఆ రోజు నేను..."

ఆవిడ భర్త వైపు చూసింది. అతను స్కూటరు తాళం వెతుక్కుంటున్నట్టు జేబులు తడుముకుంటున్నాడు.

"ఆయనకి మీమీద కోపమేం లేదండీ" అంది. "ఇంట్లో మీలాగే మాట్లాడి నన్ను నవ్వించేవారు, గంట కొట్టకముందే వచ్చి, అంటూ. ఊరికే ఎగతాళి చెయ్యకండి అంటే, అందరికీ అదే చెప్తాడు గానీ నాకు మాత్రం వేరేగా చెప్తాడు చూడు అనేవారు."

ఆవిడ సంచి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుని, మెల్లగా, ఎవరినీ ఏమీ అననట్టే చెప్పింది.

"ఆ రోజు బయల్దేరేముందు నాకు జాగ్రత్తలు చెప్పి మరీ తీసుకొచ్చారండీ. మీ అన్నయ్య ఆ మాట అనగానే హాలంతా నీ వైపు తిరిగి చూస్తుంది, సిగ్గుపడి తల దించుకోకు అన్నారు. నేను చివరిదాకా తల ఎత్తుకునే కూర్చున్నాను అన్నయ్యగారూ."