తండ్రి వృత్తి: వేట

రోజూ పొద్దున కాఫీ వేళకు పోలి నాకు ఫోన్ చేస్తుంది. చాలావరకు తిట్టడానికే.

నిన్న కూడా ఆ నంబర్ నుంచే కాల్ వచ్చింది. మాట్లాడింది మాత్రం దాని కోడలు.

"అత్తమ్మ పోయింది పెద్దమ్మా. నిద్రలోనే."

"సరేలే, ఫోన్ దానికియ్యి" అన్నాను.

ఆ పిల్ల భోరున ఏడ్చింది. అప్పటికి గానీ నా బుర్రకు ఎక్కలేదు.

పోలేరమ్మ. మీకందరికీ పోలమ్మ టీచర్ గారు. నాకు పోలి. నెల్లూరు ట్రైనింగ్ స్కూల్లో ఒకే బెంచీ, హాస్టల్లో ఒకే గది. మాది సంగం, వరి పండించే ఇల్లు. దానిది పులికాట్ ఒడ్డున చేపలు పట్టే ఇల్లు.

నిన్నటి నుంచి మన వాట్సాప్ గ్రూపులో ఒకటే మెసేజ్‌లు. శాంతమూర్తి అట. ఓర్పుగల తల్లి అట. ఎవరి గురించి రాస్తున్నారయ్యా మీరు? పోలికి శాంతం ఎప్పుడుంది? ఉండుంటే టీచరే అయ్యేది కాదు.

ఆ సంగతే చెప్తాను. నేను చెప్తుంటే మనవరాలు టైప్ చేస్తోంది. తప్పులుంటే దానివే.

అరవైల మొదట్లో మా ట్రైనింగ్ అయిపోయింది. టీచర్ పోస్టులు పడ్డాయి. ఇప్పటిలా రెజ్యూమేలు, టెంప్లేట్‌లు ఎక్కడివి? తెల్లకాగితం మీద చేత్తో దరఖాస్తు రాయాలి. పేరు, చదువు, తండ్రి వృత్తి, అనుభవం. మా మేనమామ రిటైర్డ్ హెడ్మాస్టర్. మా ఇద్దరివీ ఆయనే దిద్దాడు.

పోలి కాగితం చూసి ఆగిపోయాడు.

తండ్రి వృత్తి దగ్గర "వేట" అని ఉంది. ఆ పల్లెల్లో మాట అదే. చేపలు పట్టడానికి పోయాడనరు, వేటకు పోయాడంటారు.

అనుభవం దగ్గర, "వలలు బాగుచేసే చోట మా వీధి పిల్లలను కూర్చోబెట్టి తడి ఇసుకలో అక్షరాలు దిద్దించాను" అని ఉంది.

"వ్యవసాయం అని రాయమ్మా. ఎవురొచ్చి చూడబోతారు?" అన్నాడు మామ. "అనుభవం ఖాళీగా వదిలెయ్యి. ఇసుకలో రాపిస్తే అనుభవం ఎట్టవద్ది?"

"మా నాయనకు జానెడు నేల కూడా లేదు సార్. లేని పొలం ఆయన చేత ఎట్ట దున్నించేది?"

"నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు" అని మామ కళ్లజోడు తీసి పక్కన పెట్టేశాడు.

ఇంటర్వ్యూ రోజు నేను తలుపు బయటే నిలబడ్డాను. లోపల ఒక పెద్దమనిషి దాని దరఖాస్తు చదివి నవ్వాడు.

"వేటా? ఏం కొడతాడమ్మా మీ నాయన? అడవి పందులా, కుందేళ్లా?"

పక్కవాళ్లూ నవ్వారు. పోలి నవ్వలేదు.

"నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు మీ నాయన యాడున్నాడని మా అయ్యవారు అడిగినాడు సార్. వేటకు పోయినాడని చెప్పినా. ఈడ అడవి యాడుంది, అబద్ధాలు చెప్తావా అని బెత్తంతో కొట్టినాడు. ఆ మాట తెలీనోళ్లనే మా ఊరికి పంపిస్తా వచ్చినారు. మా పిల్లోళ్లు బడికి ఎందుకు రారో ఇప్పుడు మీరే చెప్పండి."



దాంతో ఉద్యోగం ఇచ్చేశారనుకుంటున్నారా? ఇవ్వలేదు. నాకు ఇచ్చారు. మార్కులేమో దానికే ఎక్కువ. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

మరుసటేడు మళ్లీ పోస్టులు పడ్డాయి. నేను సెలవు పెట్టి వాళ్ల ఊరు వెళ్లాను. వాళ్ల నాన్న చెంచయ్య వల ముందేసుకుని కూర్చున్నాడు. తలెత్తకుండానే అన్నాడు.

"ఈసారి వ్యవసాయమని రాసెయ్యి తల్లీ. నేనేమన్నా అనుకుంటానా?"

"నువ్వు అనుకోవు నాయినా. నేను అనుకుంటా."

పాతదే మళ్లీ రాసింది. ఒక్క మాట తియ్యలేదు. పైగా అనుభవం దగ్గర ఇంకో ముక్క తగిలించింది. "ఈ ఏడు కూడా నేర్పాను" అని.

ఈసారి ఇచ్చారు. దాని పౌరుషం చూసి కాదు. వాళ్ల ఊరి బడికి పోతామని ఇంకెవరూ ముందుకు రాలేదు, అంతే. నాకు చిన్నతనంగా అనిపించింది. దానికి అనిపించలేదు.

"ఎందుకిస్తే ఏందిమే? బడి నాది" అంది.

కొత్తలోనే ఒక పాప బడికి ఆలస్యంగా వచ్చి, మా నాయన వేట నుంచి ఇప్పుడే వచ్చినాడు టీచర్ అందట. పోలి ఏమడిగిందో తెలుసా? "ఏం పడినాయి?" అని. పిల్లలంతా గొల్లున నవ్వారట. ఆ తర్వాత ఆ బడిలో కూర్చోవడానికి చోటు చాలలేదు.

నిన్న సాయంత్రం దాని మనవడు ఊళ్లో కట్టే ఫ్లెక్సీ మ్యాటర్ వాట్సాప్ చేశాడు. ఫొటో, పేరు, రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్. అంతే. పేరు కింద "వేటకు పోయే చెంచయ్య గారి కూతురు" అని వెయ్యమన్నాను.

కాసేపటికి నాయుడుపేట నుంచి ఫ్లెక్సీ షాపతను ఫోన్ చేశాడు.

"మేడం, వేటంటే హంటింగా? బాగుండదేమో, తీసేద్దామా?"

ఇన్నేళ్లయినా అదే ప్రశ్న. పొద్దున్నుంచి రాని ఏడుపు అప్పుడొచ్చింది నాకు. కోపమూ దాంతోపాటే వచ్చింది.

"తీసినావంటే వచ్చి చించేస్తా" అన్నాను. ఎనభై దాటిన మనిషిని. నిజంగానే వెళ్లి చించేదాన్ని.

ఇవాళ పొద్దున, సరిగ్గా కాఫీ వేళకు, ఫొటో పంపారు. బడి గేటు పక్కన కట్టారు. ఆ లైను ఉంది. పేరు కంటే పెద్దగా ఉంది.

పోయి రావే పోలీ. అక్కడ కూడా ఎవరైనా దరఖాస్తు అడిగితే పాతదే ఇవ్వు. ఒక్క మాట తియ్యొద్దు.

ఇచ్చేశాక మాత్రం, ఇప్పుడైనా కాస్త శాంతంగా ఉండవే.