శ్రీపతి రేకు బిళ్ళలు

సూర్యాపేట షావుకార్ల ఇళ్ళలో బి.కాం. పాసైన మొదటివాడు శ్రీపతి. హైదరాబాదులో చదివి ఆయన తెచ్చుకున్నవి మూడు: ఒక డిగ్రీ, ఒక కళ్ళజోడు, "సిస్టం" అనే మాట. వాటిలో తనకు సరిగ్గా అతికింది కళ్ళజోడొక్కటేనని పెద్దయ్యాక ఆయనే చెప్పి నవ్వేవాడు.

సాగర్ కాలువ నీళ్ళొచ్చి మిర్యాలగూడ చుట్టుపక్కల ఎక్కడ చూసినా వడ్లే అయిన రోజులవి. అక్కడ పెదనాయన వెంకటనారాయణకు రైసు మిల్లు ఉంది. శ్రీపతి అందులో మేనేజరయ్యాడు. ఎవరూ చేయలేదు. పెదనాయన "గాడ కూసో" అన్నాడు, ఈయన దాన్ని నియామకం అనుకున్నాడు.

అత్తవారిది కోదాడ. మామగారు రామ్మూర్తికి కిరాణా కొట్టుంది, కొడుకులు లేరు. పెళ్ళినాటి నుంచీ ఆయనది ఒకటే పాట. "ఈ పంట దాకా చూస్తాను అల్లుడుగారూ. అక్కడ కుదరకపోతే వచ్చి మన కొట్లో కూర్చోండి." ఇల్లరికం అన్నమాట. దసరాకు పుట్టింటికి వెళ్ళి అక్కడే ఉన్న భార్య చంద్రకళ మాత్రం, ఆయన్ను సాగనంపుతూ గుమ్మం దగ్గర మెల్లగా వేరే మాట చెప్పింది.

"మీరు మా నాన్న మొహం చూసి డబ్బా మూత తీయడం నేను చూడలేనండీ. ఆ మిల్లులోనే నిలబడండి."

ఆ మాట శ్రీపతి గుండెల్లో నాటుకుంది. వడ్లు వచ్చేలోపు ఏదో ఒకటి చేసి చూపించాలి. చూపించాడు కూడా. అసలు గొడవంతా అదే.

అంతకుముందు వడ్ల బండ్లు వస్తే పెదనాయన నులకమంచం మీద కూర్చుని, నోటికొచ్చిన ఊరి పేరు పిలిచేవాడు. ఆ ఊరివాళ్ళు కాంటా దగ్గరికి పోయేవాళ్ళు, మిగతా ఊళ్ళవాళ్ళు ఆయన్ను తిట్టేవాళ్ళు. శ్రీపతికి ఇది మోటు పద్ధతిగా తోచింది. రేకు ముక్కలు కత్తిరించి, నంబర్లు వేయించి, ఆఫీసు కిటికీ దగ్గరికి ముందు చేరినవాడికి ముందు బిళ్ళ ఇచ్చాడు. పెద్దవూర అయినా, మాడుగులపల్లి అయినా న్యాయం ఒక్కటే. మొదటి బండిలో వడ్లు దిగగానే, ఎవరైనా మెచ్చుకుంటున్నారేమోనని కళ్ళజోడు తుడుచుకుని నాలుగు దిక్కులా చూశాడు. హమాలీలు బీడీలు ముట్టించుకుంటున్నారు.

మర్నాటికి మిల్లు ముందర కాలు పెట్టే సందు లేదు. దించిన బండ్లు లోపలే నిలిచిపోయాయి, నిండు బండ్లు గేటు బయట ఆగిపోయాయి. "ఖాళీ అయినోళ్ళు పోండ్రి" అని శ్రీపతి గొంతు పోయేలా అరిచాడు. "పోతం సేటు" అన్నారు, కదల్లేదు. వీళ్ళకు బద్ధకం అనుకున్నాడు. చదువుకున్నవాడు కదా, తప్పు తనలో ఉంటుందని ఎలా తోస్తుంది?

వడ్లందక మిల్లు ఆగింది. వెంకటనారాయణ కేకలేయలేదు. అదే మరీ అన్యాయం.

"నీ సదువు మంచిదే బిడ్డా. నా మిల్లుకే పట్టలె. కోదాడ పో."

శ్రీపతి ట్రంకుపెట్టె సర్దుకున్నాడు. బయట మాడుగులపల్లి కాటయ్య బండి ఖాళీగా నిలబడి ఉంది. బస్టాండు దాకా దింపమని అడిగాడు.

"ఎక్కు చిన్న సేటూ," అన్నాడు కాటయ్య. "గని మా బిక్షపతి బండి దిగాలె. అది దిగినంక పోతం."

"నువ్వు పోతే ఏమయితది?"

"దారిల ఇరుసు ఇరిగితె ఎవరు పడ్తరు? ఊరి బండ్లన్ని కలిసొస్తయి, కలిసి పోతయి."

"బిక్షపతిది ఎన్నో నంబరు?"

"నీకే ఎర్కుండాలె. ఇచ్చింది నువ్వేనాయె."

బిక్షపతిది చివరి బిళ్ళ. శ్రీపతి బండెక్కి పెట్టెమీద కూర్చుని ఎద్దుల తోకలు చూస్తూ ఉండిపోయాడు. పారిపోదామన్నా తన సిస్టం తననే పోనివ్వడం లేదు. కిటికీ దగ్గర తోపులాటలో ఒక్కో ఊరిని పది ముక్కలు చేసింది తనేనని అప్పటికి బుర్రకెక్కింది. 

బండి దిగాడు. చేతులు జోడించి అందరి బిళ్ళలూ వెనక్కి తీసుకున్నాడు. ఊరికొక్కటే బిళ్ళ, ముందొచ్చిన ఊరికి ముందు. "మల్ల పరేషాన్ పెట్టకు సేటూ" అని కొందరు విసుక్కున్నా ఇచ్చారు. ఒక ఊరి బండ్లన్నీ వరసగా దిగి, కలిసి గేటు దాటాయి. వాటి జాగాలోకి ఇంకో ఊరు వచ్చింది. పొద్దు వాలేసరికి మిల్లు మళ్ళీ ఆడింది.

"దా సేటూ, బస్సు పోతది," అని కాటయ్య పిలిచాడు.

శ్రీపతి పెట్టె దించుకున్నాడు. పెదనాయన మంచం దాకా నడిచాడు. డిగ్రీ వచ్చాక ఎవరినీ ఏదీ అడగని మనిషి.

"పెద్నాయనా, నన్ను పంపకు. మేనేజరని అనకపోయినా మంచిదే, గీ గేటు కాడ నిలబడనియ్యి. ఇల్లరికం పోయి నేను బతకలేను."

వెంకటనారాయణ ఖాళీ అయిన జాగావంక చూశాడు.

"ఎల్లుండి కోదాడ పో," అన్నాడు. శ్రీపతి పెట్టెవైపు తిరిగాడు. "పోయి పిల్లను తోల్కరా. ఒక్కనివి వండుకొని ఎన్నొద్దులు తింటవ్."